మందు ఆపాక ఆరు నెలలు

1986లో అమెరికాలోని బెథెస్డాలో, నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో పనిచేసే వైద్యుడు జే హూఫ్నగుల్, ఆయన సహచరులు పదిమంది రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఫలితాన్ని చిన్న నివేదికగా ప్రచురించారు. ఆ పదిమందికీ ఉన్న జబ్బుకు అప్పటికి సరైన పేరు కూడా లేదు. ఎ రకం కామెర్లు కావు, బి రకమూ కావు అని తేల్చి 'నాన్-ఎ నాన్-బి హెపటైటిస్' అనేవారు. వైరస్ ఇంకా ఎవరికీ చిక్కలేదు కనుక అది రక్తంలో ఉందో లేదో చెప్పే పరీక్ష కూడా లేదు. చూడగలిగింది ఒక్కటే: కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఎంజైము, మన ల్యాబు రిపోర్టుల్లో ఎస్‌జీపీటీ పక్కన కనిపించే అంకె. పదిమందిలో ఎనిమిది మందికి ఆ అంకె దిగి, మామూలు స్థాయికో దానికి దగ్గరికో వచ్చింది. వారిలో ఇద్దరికి నాలుగు నెలల తర్వాత మందు ఆపేశారు. ఇద్దరికీ అంకె మళ్లీ పాత స్థాయికి ఎక్కేసింది. ఈ జబ్బు చికిత్సలో మొదటి శుభవార్తా, మొదటి హెచ్చరికా ఒకే నివేదికలో పక్కపక్కనే ఉన్నాయి.

తర్వాత హెపటైటిస్ సి అని పేరుపడిన ఈ జబ్బు పాతికేళ్ల చరిత్రను సాధారణంగా మందుల వరుసగా చెబుతారు. ఇంటర్‌ఫెరాన్, దానికి తోడుగా రైబవిరిన్, తర్వాత వారానికోసారి వేసుకునే పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్, చివరికి సోఫోస్‌బువిర్ లాంటి మాత్రలు. ఈ వరుస నిజమే, కానీ దానిలో ఒక పెద్ద సంగతి మరుగున పడుతుంది. జబ్బు తగ్గిందని ఎప్పుడు చెప్పవచ్చో వైద్యానికి నేర్పింది తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టిన రోగులు. వాళ్లలో చాలామంది చికిత్స పొడవునా ఉద్యోగాలు చేస్తూనే ఉన్నారు. వాళ్ల పనిదినాన్ని చికిత్స లెక్కలోకి తీసుకోనంత కాలం ఫలితాలు కుంటుతూనే నడిచాయి. పని చేసుకుంటూ పూర్తి చేయగలిగేంత చిన్నదిగా, తేలికగా చికిత్స మారాకే లక్షలమందికి అది నిజంగా అందింది. నా వాదన ఇదే. దీనికి అభ్యంతరాలున్నాయి, వాటినీ పట్టించుకోవాలి.

ముందు కొలత సంగతి. 1970ల్లో రక్తమార్పిడి తర్వాత వచ్చే కామెర్లను పరిశీలించిన హార్వే ఆల్టర్, ఆయన సహచరులు, ఎ, బి రకాలకు చెందని మరో కారకం ఉందని 1975లో చూపించారు. కాలిఫోర్నియాలోని ఎమెరీవిల్‌లో ఉన్న కైరాన్ సంస్థలో మైకేల్ హౌటన్ బృందం ఆ వైరస్ జన్యు ముక్కను పట్టుకుని 1989లో ప్రకటించింది. మరుసటి ఏడే అమెరికాలో దాతల రక్తానికి యాంటీబాడీ పరీక్ష మొదలైంది. అయితే యాంటీబాడీ పరీక్ష, వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే చెబుతుంది. వచ్చినది ఉందో, పోయిందో చెప్పలేదు. ఈ తేడా ఎంత పెద్దదో ఐర్లండ్‌లో జరిగిన ఘోరం చూపించింది. 1977, 1978 సంవత్సరాల్లో బాలింతలకు ఇచ్చిన యాంటీ-డి ఇంజెక్షన్ల ద్వారా ఈ వైరస్ వందలమంది స్త్రీలకు పాకింది. ఆ సంగతి 1994లో గాని బయటపడలేదు. పిలిచి పరీక్షించిన అరవై రెండు వేలమందికి పైగా స్త్రీలలో 704 మందికి యాంటీబాడీలు కనిపించాయి. వారిలో 390 మందికి, అంటే 55 శాతానికి, వైరస్ ఇంకా రక్తంలో ఉంది. మిగతావాళ్ల ఒళ్లు ఏ మందూ లేకుండానే దాన్ని వదిలించుకుంది. ఇంజెక్షనుదీ వైరసుదీ ఒకే మూలం, తీసుకున్నవాళ్లంతా ఆరోగ్యంగా ఉన్న యువతులు. అయినా ఇద్దరిలో ఒకరికి పోయింది, ఒకరికి నిలిచింది. ఎవరికి పోతుందో, ఎవరికి నిలుస్తుందో ముందుగా చెప్పలేమన్న పాఠం ఇందులో ఉంది. దీనికి తోడు, కొత్తగా సోకిన తొలి నెలల్లో వైరస్ రక్తంలో కొన్నాళ్లు కనిపించకుండా పోయి మళ్లీ కనిపించడం మామూలే. అందుకే ఒక్క నెగెటివ్ రిపోర్టు చూసి దానంతటదే పోయిందని నమ్మవద్దని, నెలల తర్వాత మరోసారి చూడమని వైద్యులు చెబుతారు.

చికిత్సలోనూ ఇదే జరిగింది. 1989లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో కొందరు రోగులు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి ముప్పై లక్షల యూనిట్ల ఇంటర్‌ఫెరాన్‌ను ఆరు నెలల పాటు తీసుకున్నారు. దాదాపు సగం మందికి ఎస్‌జీపీటీ దిగింది. అలా దిగినవారిలో మళ్లీ సగం మందికి మందు ఆపిన ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. అప్పటికి వైరస్‌ను నేరుగా కొలిచే పద్ధతులు ఇంకా ఆసుపత్రుల దాకా రాలేదు. తొంభైలలో వచ్చిన వైరల్ లోడ్ పరీక్షలకు కూడా ఒక హద్దు ఉండేది: రక్తంలో వైరస్ ఆ హద్దుకన్నా తక్కువుంటే 'కనబడలేదు' అని వచ్చేది. తర్వాత, మరింత సున్నితమైన పద్ధతులు వచ్చాక, భద్రపరిచిన పాత రక్త నమూనాలను వాటితో మళ్లీ చూశారు. చికిత్స చివరి రోజున వైరస్ లేదనుకున్న కొందరికి అది అప్పుడు కూడా కొద్దిగా ఉందని తేలింది. తిరగబెట్టినవాళ్లలో కొందరు వాళ్లే. అంటే వాళ్ల విషయంలో వైరస్ పోయి తిరిగి రాలేదు, అసలు పోనేలేదు. కొలత చాలకపోవడం వల్ల పోయినట్టు కనిపించింది. ఈ అనుభవాలన్నీ కలిసి ఒక నియమం తయారైంది. మందు తీసుకుంటున్నప్పుడు వచ్చే నెగెటివ్‌కు విలువ తక్కువ, మందు ఆపి ఆరు నెలలు గడిచాక కూడా వైరస్ లేకపోతేనే నయమైనట్టు లెక్క. ఆ ఆరు నెలల గడువు గ్రంథాల్లోంచి పుట్టలేదు. ఆశపడి, భంగపడి, మళ్లీ రక్తం ఇచ్చిన మనుషుల రిపోర్టుల్లోంచి పుట్టింది.

ఇక పని సంగతి. ఆ రోజుల్లో చికిత్స అంటే ఏమిటో దగ్గరగా చూడాలి. ఇంటర్‌ఫెరాన్ సీసాలను ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, గడ్డ కట్టనివ్వకూడదు. పొట్ట చర్మం కిందో, తొడలోనో ఎవరికి వారే గుచ్చుకోవాలి. కొన్ని గంటల్లో చలి, ఒణుకు, జ్వరం, కండరాల నొప్పి. అందుకే పడుకోబోయే ముందు పారాసెటమాల్ వేసుకుని ఇంజెక్షన్ చేసుకోమనేవారు. వారానికోసారి వేసే రకం వచ్చాక చాలామంది శుక్రవారం రాత్రి ఎంచుకునేవారు. శని, ఆదివారాలు మంచం మీద గడిపితే సోమవారానికి ఆఫీసులో నిలబడగలమని వాళ్ల లెక్క. ఇంటర్‌ఫెరాన్‌కు తోడు రోజూ 200 మిల్లీగ్రాముల రైబవిరిన్ గుళికలు, బరువును బట్టి ఐదో ఆరో, ఉదయం కొన్ని, రాత్రి కొన్ని. ఆ గుళికలు ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి. మొదటి నాలుగు వారాల్లోనే హిమోగ్లోబిన్ రెండు మూడు గ్రాములు పడిపోవడం మామూలు. పది కన్నా తగ్గితే మోతాదు తగ్గించాలి, ఎనిమిదిన్నర దాటి దిగితే ఆపేయాలి. మెట్లు ఎక్కితే ఆయాసం, రాత్రి నిద్ర లేదు, చిన్న మాటకే కోపం, నలుగురైదుగురిలో ఒకరికి మందు పెట్టాల్సినంత కుంగుబాటు. ఇదంతా ఈ వైరస్ జన్యురకాల్లో ఒకటో రకం ఉన్నవారికి 48 వారాలు. రైబవిరిన్ గర్భస్థ శిశువుకు ప్రమాదం కనుక చికిత్స ముగిశాక మరో ఆరు నెలల పాటు పిల్లలను కనే ఆలోచన కూడా ఆడవాళ్లూ మగవాళ్లూ వాయిదా వేసుకోవాలి.

ఈ 48 వారాల పక్కన అమెరికా చట్టాన్ని పెట్టి చూడండి. 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం ప్రకారం, యాభైమంది, అంతకు పైగా పనిచేసే సంస్థల్లో అర్హులైన ఉద్యోగులకు ఏడాదికి పన్నెండు వారాల సెలవు దొరుకుతుంది. అదీ జీతం లేకుండా. దాన్ని ముక్కలుగా వాడుకోవచ్చన్నది ఒక్కటే ఊరట. మరోవైపు అక్కడ చాలామందికి ఆరోగ్య బీమా వచ్చేదే ఉద్యోగం ద్వారా. ఉద్యోగం మానేస్తే మందు ఖర్చు భరించలేరు, మానకపోతే మందును భరించలేరు. చికిత్సలో ఉంటూ పనిచేయడం అన్నది ఆ రోజుల్లో రోగి ధైర్యానికి సంబంధించిన విషయంగా చెప్పుకునేవారు. అది చాలామటుకు బతుకుతెరువుకు సంబంధించిన బలవంతం అని నాకనిపిస్తుంది. పైగా జబ్బు సంగతి పైఅధికారికి చెప్పాలా వద్దా అన్న భయం ఒకటి. ఇది సూదుల ద్వారా మత్తుమందు తీసుకునేవారి జబ్బన్న ముద్ర ఉండేది. ఎప్పుడో ప్రసవంలోనో, ఆపరేషన్‌లోనో ఎక్కించిన రక్తం వల్ల వచ్చినవాళ్లు కూడా ఆ ముద్రకు జడిసి నోరు మెదపలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. తిరగబెట్టిందంటే రోగులు మందు సరిగా వాడకపోబట్టే కదా, అలాంటప్పుడు దానికి చికిత్సను, చట్టాన్ని తప్పు పట్టడమెందుకు? దీనిలో కొంత నిజముంది. రెండు మందుల్లోనూ కనీసం ఎనభై శాతం మోతాదును, కనీసం ఎనభై శాతం కాలం తీసుకున్నవారికి ఎక్కువగా నయమైందని జాన్ మెక్‌హచిసన్ బృందం 2002లో చూపించింది. ఆ తర్వాత 'ఎనభై' అన్నది కాలేయ వైద్యుల నోట సూత్రమైపోయింది. కానీ అదే పరిశోధనను ఇంకో వైపు నుంచి చదవాలి. మందులు శ్రద్ధగా తీసుకున్నా ఒకటో రకం వైరస్ ఉన్నవారిలో దాదాపు సగం మందికే నయమైంది. అందరినీ నిశితంగా పర్యవేక్షించిన పెద్ద పరీక్షల్లోనూ అంతే: 2001, 2002ల్లో పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్‌తో వచ్చిన గొప్ప ఫలితాలు మొత్తం మీద 54 శాతం, 56 శాతం. రెండు, మూడు రకాల వైరస్‌లకు అది ఎనభై శాతం దరిదాపుల్లో ఉండగా, ఒకటో రకానికి సగం కూడా దాటలేదు. రోగుల క్రమశిక్షణ వైరస్ రకాన్ని బట్టి మారదు కదా. వైరస్ రకం, కాలేయం అప్పటికే ఎంత గట్టిపడిందన్నది, మనిషి జన్యువులు, ఇవన్నీ రోగి చేతిలో లేనివి. మోతాదు తగ్గించినవారిలో కూడా చాలామందికి వైద్యులే తగ్గించారు, హిమోగ్లోబిన్ పడిపోయిందనో, తెల్లకణాలు తగ్గాయనో. మిగిలినవారు మానేయడానికి ప్రధాన కారణం ఆ మందు తెచ్చే నీరసం, కుంగుబాటు. పని, జీతం ఆగకుండా ఆ నీరసాన్ని ఏడాది పాటు మోయమన్న చికిత్స, సగంలో ఆపినవారిని నిందించజాలదు.

రెండో అభ్యంతరం లోతైనది. అసలు ఈ వైరస్ ఎప్పటికైనా పూర్తిగా పోతుందా? ఎక్కడో దాక్కుని, పదేళ్ల తర్వాత లేస్తుందేమో? ఈ భయానికి కారణం లేకపోలేదు, హెపటైటిస్ బి వైరస్ కణ కేంద్రకంలో తిష్ఠ వేస్తుంది, ఎయిడ్స్ వైరస్ మన జన్యువుల్లోనే కలిసిపోతుంది. హెపటైటిస్ సి అలా కాదు. అది ఆర్‌ఎన్‌ఏ వైరస్, కేంద్రకం బయటే ఉండి పెరుగుతుంది, దాక్కోవడానికి శాశ్వతమైన చోటు లేదు. దీనికి సాక్ష్యం కూడా ఉంది. పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్‌తో నయమైన 1,343 మందిని సగటున దాదాపు నాలుగేళ్లు గమనించగా, 99 శాతం మందిలో వైరస్ మళ్లీ కనిపించలేదని 2010లో ప్రచురించారు. బెథెస్డాలోని ఆ మొదటి పదిమందిలో నయమైనవారిని కూడా పదేళ్ల తర్వాత పరీక్షించారు, వైరస్ లేదు. మరి కొందరికి ఏళ్ల తర్వాత మళ్లీ కనిపించడం ఏమిటి? చాలావరకు అది కొత్తగా సోకింది. ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన ఈ వైరస్‌కు రక్షణ రాదు. 2016లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, కొత్తగా సోకే ప్రమాదం తక్కువున్నవారిలో ఐదేళ్లలో వైరస్ మళ్లీ కనిపించింది ఒక శాతం లోపే. సూదులతో మత్తుమందు తీసుకునేవారు, జైళ్లలో ఉన్నవారు లాంటి గుంపుల్లో అది పది శాతం దాటింది. ఒళ్లు ఒక్కటే, మందు ఒక్కటే, ఫలితం తేడాకు కారణం చుట్టూ ఉన్న బతుకు. కనుక ఆరు నెలల నియమం నిలబడింది. దాన్ని దాటినవారికి వైరస్ పోయినట్టే, కొత్తగా రాకుండా చూసుకోవడం వేరే పని.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి వచ్చింది. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను రాసుకునే ఎంజైమునే అడ్డుకునే మాత్ర. లెడిపాస్‌విర్ అనే మరో మందుతో కలిపి రోజుకొకటి చొప్పున పన్నెండు వారాలు ఇచ్చిన పరీక్షలో, పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్‌తో సగం కూడా దాటని ఒకటో రకంలో 99 శాతం మందికి నయమైంది. రైబవిరిన్ కలిపిన గుంపుకు అలసట, నిద్రలేమి, రక్తహీనత ఎక్కువయ్యాయి తప్ప ప్రయోజనం పెరగలేదు. శుక్రవారం రాత్రి లెక్కలు, సోమవారం భయాలు ఆ పరీక్షతో అనవసరమయ్యాయి. ఆరు నెలల నిరీక్షణ కూడా పన్నెండు వారాలకు తగ్గింది. తిరగబెట్టేవారిలో దాదాపు అందరికీ ఆలోపే తిరగబెడుతుందని లెక్కలు చూపాయి. సోఫోస్‌బువిర్ ధర మాత్రం అప్పట్లో అమెరికాలో మాత్రకు వెయ్యి డాలర్లు, ఒక కోర్సుకు 84,000 డాలర్లు. ఈ కథలో తెలుగునేల పాత్ర ఇక్కడే వస్తుంది. 2014 సెప్టెంబరులో సోఫోస్‌బువిర్‌ను తయారుచేసే గిలియడ్ సంస్థ ఏడు భారతీయ కంపెనీలకు తయారీ లైసెన్సులు ఇచ్చింది, వాటిలో హైదరాబాద్‌కు చెందిన హెటెరో ఒకటి. ఇదే మందు పేటెంట్‌ను ఇక్కడ సవాలు చేసిన హైదరాబాద్ సంస్థ నాట్కో 2015లో లైసెన్సు పుచ్చుకుని అదే ఏడాది మందును విడుదల చేసింది. పోటీ పెరిగేకొద్దీ ధర పడింది. అమెరికాలో ఒక్క మాత్ర ఖరీదుకు ఇక్కడ నెల మందు వచ్చి ఇంకా మిగిలింది. చికిత్స తేలికవడంతో పాటు చవకవడం కూడా పనిచేసుకునేవారి దాకా దాన్ని తెచ్చింది. 2016లో పంజాబ్ ప్రభుత్వం జిల్లా ఆసుపత్రుల ద్వారా ఉచిత చికిత్స మొదలుపెట్టింది. మొదటి 48 వేలమంది ఫలితాల్లో నయమైనవారు 91 శాతం పైనే. వాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోనివాళ్లు. ఊరు వదిలి, పని మాని పెద్ద నగరంలో నెలల తరబడి ఉండాల్సిన చికిత్స అయివుంటే ఈ అంకె సాధ్యమయ్యేది కాదు.

అలాగైతే తిరగబెట్టడం అన్నది గతించిన చరిత్రే కదా అని ఎవరైనా అడగవచ్చు. మన దేశంలో అలా అనుకోవడం తొందరపాటు. ఇక్కడ ఎక్కువగా కనిపించేది మూడో రకం వైరస్. ఇంటర్‌ఫెరాన్ కాలంలో సులువుగా లొంగిన ఆ రకమే, మాత్రల కాలంలో కాస్త మొండిదైంది. సోఫోస్‌బువిర్, డక్లటాస్‌విర్‌లను పన్నెండు వారాలు ఇచ్చి 2015లో ప్రచురించిన పరీక్షలో, మూడో రకం ఉండి సిర్రోసిస్ (కాలేయం బాగా గట్టిపడిపోవడం) లేనివారిలో 96 శాతానికి నయం కాగా, సిర్రోసిస్ ఉన్నవారిలో 63 శాతానికే నయమైంది. అందుకే సిర్రోసిస్ ఉన్నవారికి మందును మార్చడమో, రైబవిరిన్ చేర్చడమో, కాలాన్ని 24 వారాలకు పెంచడమో చేస్తారు. డయాలసిస్ మీద ఉన్నవారికి ఇంకో ప్రమాదం: వారానికి రెండు మూడుసార్లు యంత్రానికి రక్తం అప్పగించేవారికి, కేంద్రంలో శుభ్రత లోపిస్తే, నయమైన జబ్బు కొత్తగా సోకవచ్చు. అలాంటివారికి యాంటీబాడీ పరీక్ష చేసి లాభం లేదు, అది ఎలాగూ ఏళ్ల తరబడి పాజిటివ్ చూపుతుంది. వైరల్ లోడే చేయించాలి. ఉద్యోగానికి ముందు వైద్య పరీక్షల్లో యాంటీబాడీ రిపోర్టు ఒక్కటే చూసి నయమైన మనిషిని వెనక్కి పంపడం కూడా ఇదే అజ్ఞానం. నయం కానివారిని కూడా పని నుంచి తీసేయడానికి కారణం లేదు. పక్కన కూర్చుంటే, కలిసి తింటే, ఒకే గ్లాసుతో నీళ్లు తాగితే ఈ వైరస్ అంటదు.

2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ సి పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మందులు అయిపోయిన పన్నెండు వారాలకు చేయాల్సిన వైరల్ లోడ్ పరీక్ష కూడా అందులో భాగమే. ఒంట్లో బాగుంది, ఎస్‌జీపీటీ దిగింది, ఆసుపత్రికి వెళ్తే ఒక రోజు కూలి పోతుంది అని ఈ చివరి పరీక్షనే మనవాళ్లు మానేసే ప్రమాదం ఉంది. ఎస్‌జీపీటీ దిగడం ఎంత మోసం చేయగలదో 1986లోనే తేలింది. కనుక మందు ముగించినవారు ఆ తేదీని ఆసుపత్రి కార్డు మీద రాయించుకుని, ఆ రోజు వెళ్లి రక్తం ఇవ్వండి. పనిలో పెట్టుకున్నవారు ఆ ఒక్క రోజు జీతం కోయకుండా పంపండి. సిర్రోసిస్ ఉన్నవారు వైరస్ పోయినా ఆరు నెలలకోసారి కాలేయానికి స్కానింగ్ చేయించుకోవడం మానకండి, కేన్సర్ ముప్పు వారికి తగ్గుతుంది గానీ పోదు.